ముందు ఎర్త్, ఆఖరికి పెడల్: చర్చి ఆరాధనకు సౌండు, గిటార్ సామాను అమర్చుకునే పద్ధతి

వరంగల్, హనుమకొండ, కాజీపేట చుట్టుపక్కల మధ్యతరహా సంఘాల్లో సౌండు మీద డబ్బు ఖర్చయ్యే వరుస దాదాపు ఒకేలా ఉంటుంది. యూత్ పిల్లలు ముందు గిటార్ శబ్దాన్ని రకరకాలుగా మార్చే మల్టీ ఎఫెక్ట్స్ పెడల్ కొనిపిస్తారు. తర్వాత మైకులు, వాద్యాల శబ్దాన్ని కలిపే పెద్ద మిక్సర్ వస్తుంది. ‘బేస్ చాలట్లేదు’ అని ఆ తర్వాత ఒక సబ్ వూఫర్. స్పీకర్ బాక్సులు మాత్రం స్టేజీ మూలల్లో నేలమీదే ఉంటాయి. ఎర్త్ ఉందో లేదో ఎవరూ చూడరు. వెనక వరుసలో కూర్చున్న అమ్మలకు వాక్యం (ప్రసంగం) సగమే అర్థమవుతుంది.

ఈ వరుసను తిరగేయాలి. ముందు కరెంటు, తర్వాత గది, బాక్సులు, మైకులు, మిక్సర్, గిటార్, చివరికి పెడళ్లు. పై మెట్టులో ఉన్న తప్పును కింది మెట్టులో ఎంత ఖరీదైన సామాను పెట్టినా దిద్దలేం. లెక్కకు వీలుగా 30 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు ఉండి 150–200 మంది పట్టే హాలును తీసుకుందాం.

1. కరెంటు

ఒక డిజిటల్ మల్టీమీటర్ సంఘం సొంతానికి ఉండాలి. దాన్ని ఏసీ ఓల్టుల దగ్గర పెట్టి, సామాను తగిలించే సాకెట్లో మూడు కొలతలు తీయాలి. అలవాటు లేనివాళ్లు ఎలక్ట్రీషియన్‌తోనే తీయించండి.

ఫేజుకు, న్యూట్రల్‌కు మధ్య 220 నుంచి 240 ఓల్టులు రావాలి. ఫేజుకు, ఎర్త్‌కు మధ్య కూడా ఇంచుమించు అంతే రావాలి. న్యూట్రల్‌కు, ఎర్త్‌కు మధ్య రెండు మూడు ఓల్టులు దాటకూడదు. రెండో కొలతలో 230 రాకుండా 60 అనో 110 అనో ఊగిసలాడుతుంటే సాకెట్ మూడో రంధ్రం వెనక వైరు లేదని, లేదా మధ్యలో ఎక్కడో తెగిందని అర్థం. మూడో కొలత పదికి చేరితే న్యూట్రల్ జాయింటు వదులైనా అయ్యుంటుంది, ఎర్త్ గుంత ఎండిపోయి అయినా ఉంటుంది.

మన దగ్గర రెండో కారణమే ఎక్కువ. మొరం నేల, కింద రాయి, ఏప్రిల్ మే నెలల్లో 42 డిగ్రీలు దాటే ఎండ. బొగ్గు, ఉప్పు వేసి జీఐ (జింకు పూత ఇనుప) పైపు దింపిన గుంతలో తడి లేకపోతే అది ఉన్నా లేనట్టే. ఎండాకాలమంతా వారానికోసారి రెండు బకెట్ల నీళ్లు పోయించండి. ఈ పని వాచ్‌మన్‌కు అప్పజెప్పి, శనివారం జరిగిందా అని అడగండి.

గిటార్ పట్టుకుని పాడేవాళ్ల పెదవి మైకు జాలీకి తగిలి చురుక్కుమనడం చాలాచోట్ల మామూలు విషయమైపోయింది. అది మామూలు విషయం కాదు. మిక్సర్, కీబోర్డు, యాక్టివ్ బాక్సుల (లోపలే యాంప్లిఫయర్ ఉన్నవాటి) పవర్ సప్లైల్లో ఫిల్టర్ కెపాసిటర్లు ఉంటాయి. ఎర్త్ సరిగ్గా ఉంటే వాటి గుండా కారే కొద్దిపాటి కరెంటు భూమిలోకి పోతుంది. లేకపోతే ఆ పరికరాల లోహపు భాగమంతా సగం ఓల్టేజీ దగ్గర, అంటే 110–115 దరిదాపుల్లో నిలుస్తుంది. గిటార్ తీగలు ఒక పరికరానికి, మైకు ఇంకో పరికరానికి కలిసి ఉంటాయి కాబట్టి మధ్యలో ఉన్న మనిషే వైరవుతాడు. ఆ చురుకు చిన్నదే. కానీ అదే సాకెట్లో ఏదో ఒక రోజు ఫేజ్ వైరు బాడీకి తగిలితే ఆపడానికి ఏమీ ఉండదు. అందుకే సౌండు లైనుకు ప్రత్యేకంగా, కరెంటు కారితే వెంటనే లైను తెంచేసే 30 మిల్లీ యాంపుల ఆర్‌సీసీబీ పెట్టించండి. హమ్మింగ్ (బాక్సుల్లో ‘మ్‌మ్’ అనే మోత) పోతుందని మూడో పిన్ను విరిచేయడం, రెండు పిన్నుల అడాప్టర్ పెట్టడం మాత్రం ఎవరు చెప్పినా చేయకండి. హమ్ పోగొట్టే పద్ధతి వేరే ఉంది, చివర్లో వస్తుంది.

స్టేజీ మీది సామాను, మిక్సర్, యాంప్లిఫయర్ అన్నీ ఒకే ఫేజు నుంచి, వీలైతే ఒకే బోర్డు నుంచి తీసుకోవాలి. త్రీ ఫేజ్ కనెక్షన్ ఉన్న హాల్లో మిక్సర్ వెనక గోడ సాకెట్లో ఒక ఫేజు మీద, బాక్సులు స్టేజీ సాకెట్లో ఇంకో ఫేజు మీద ఉంటే హమ్ రావడమే కాదు, తప్పు జరిగినప్పుడు రెంటి మధ్య 400 ఓల్టులకు పైగా తేడా ఉంటుంది. ఫ్యాన్లు, ఏసీలు ఇంకో లైను మీదకు మార్చండి. గుండ్రంగా తిప్పే ఎలక్ట్రానిక్ ఫ్యాన్ రెగ్యులేటర్లు గిటార్‌లో ‘జ్‌ర్‌ర్’ అనే చప్పుడుకు పెద్ద కారణం. స్టేజీ పైనున్న ఫ్యాన్లకైనా వాటిని తీసేసి, క్లిక్ క్లిక్‌మని మారే కెపాసిటర్ రకం పెట్టించండి.

ఇన్వర్టర్ వాడితే ప్యూర్ సైన్ వేవ్‌ది వాడండి. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద మిక్సర్ నడుస్తుంది గానీ బాక్సుల్లో గుర్రుమంటుంది, అడాప్టర్లు వేడెక్కుతాయి. జనరేటర్ అయితే ముందు ఖాళీగా ఐదు నిమిషాలు నడిపి, ఓల్టేజీ 230 దగ్గర నిలిచిందని మీటర్లో చూశాకే సామాను కలపాలి. కరెంటు పోయినప్పుడు బాక్సుల స్విచ్ ఆపేసే బాధ్యత ఒక మనిషికి ఉండాలి. కరెంటు తిరిగి వచ్చే క్షణంలో కొట్టే దెబ్బకే బాక్సుల్లో సన్నని శబ్దం పలికే ట్వీటర్లు పోతుంటాయి.

2. గది

ఖాళీ హాల్లో నడుమ నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టండి. ‘టప్’ అని ఆగిపోతే మంచి గది. ‘ట్ర్‌ర్‌ర్’ అని ఎదురెదురు గోడల మధ్య పరుగెత్తితే ఆ హాల్లో ఎంత మంచి మైకు పెట్టినా మాట ముద్దవుతుంది. గ్రానైట్ నేల, నున్నటి గోడలు, స్లాబ్ ఉన్న హాళ్లలో జరిగేది ఇదే. అప్పుడు ‘మాట వినిపించట్లేదు’ అని వాల్యూం పెంచితే ప్రతిధ్వని కూడా అంతే పెరుగుతుంది.

మొదట చూడాల్సింది వెనక గోడ. బాక్సుల నుంచి సూటిగా వెళ్లిన శబ్దం అక్కడ తగిలి, ఆలస్యంగా స్టేజీ మీదికి తిరిగి వస్తుంది. పాడేవాళ్లు తాళం తప్పడానికి సగం కారణం అదే. దీనికి మన ఊరి మందే ఉంది. 2018లో భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చిన వరంగల్ దర్రీలు నూలువి, బరువైనవి. కొత్తవాడలో నేసేవాళ్ల దగ్గరే కొనుక్కోవచ్చు. వాటిని గోడకు అంటించి మేకులు కొట్టకండి. గోడకు నాలుగైదు అంగుళాల ఎడంగా పైపు బిగించి, కొలతకు రెట్టింపు గుడ్డ తీసుకుని మడతలు మడతలుగా వేలాడదీయండి. గోడకు అతుక్కున్న గుడ్డ పైస్థాయి (సన్నని, కీచు) శబ్దాన్ని మాత్రమే పీలుస్తుంది. వెనక ఖాళీ, మడతలు ఉంటే మాట ఉండే మధ్యస్థాయి దాకా పనిచేస్తుంది.

ఇంకా గట్టిగా చేయాలనుకుంటే 50 మిల్లీమీటర్ల మందం, 48 డెన్సిటీ (ఘనపు మీటరుకు 48 కిలోలు) ఉన్న రాక్‌వూల్ పలకలు తెచ్చి, 4 అడుగులకు 2 అడుగుల చెక్క ఫ్రేముల్లో పెట్టి, గాలి ఆడే గుడ్డ కప్పి, గోడకు రెండంగుళాల ఎడంతో బిగించండి. వెనక గోడకు 10, పక్క గోడలకు స్టేజీ వైపు నాలుగేసి పెడితే ఈ సైజు హాల్లో తేడా చెవికి తెలుస్తుంది. రాక్‌వూల్ ముట్టుకునేటప్పుడు చేతులకు గ్లౌజులు, ముఖానికి మాస్కు తప్పనిసరి. థర్మాకోల్, కోడిగుడ్ల ట్రేలు దండగ. అవి శబ్దాన్ని పెద్దగా పీల్చవు, పైగా నిప్పు తొందరగా అంటుకుంటుంది. పీఓపీ సీలింగ్ అందానికే.

రేకుల షెడ్డుకు ఇంకో గోస ఉంది. వాన పడితే ఏ సౌండ్ సిస్టమూ గెలవదు. రేకుల కింద మినరల్ ఫైబర్ పలకల సీలింగ్ వేయిస్తే ఎండకూ వానకూ రెండింటికీ ఉపశమనం. అంత డబ్బు లేకపోతే జోరువాన వచ్చిన పది నిమిషాలు మైకులు ఆపేసి అందరూ కలిసి పాడుకోవడమే తెలివి.

శనివారం ఖాళీ హాల్లో కుదుర్చుకున్న సెట్టింగు ఆదివారం జనం నిండాక సరిపోదు. మనుషుల బట్టలు, శరీరాలు పైస్థాయి శబ్దాన్ని బాగా పీల్చుకుంటాయి. అందుకే రిహార్సల్‌లో ట్రెబుల్ కాస్త ఎక్కువైనట్టు అనిపించినా వెంటనే కోసేయొద్దు.

3. బాక్సులు

మన హాలుకు 12 అంగుళాల యాక్టివ్ బాక్సులు రెండు చాలు. పెట్టే చోటు సరిగ్గా ఉంటే మూడోది అడగరు.

పెట్టే చోటు ఇది. పాడేవాళ్ల మైకుల వరుసకు కనీసం మూడు నాలుగు అడుగులు ముందు, జనం వైపు. మూలకు ఆనించకూడదు. మూలలో పెడితే బేస్ ఉబ్బి మాటను మింగేస్తుంది. పక్క గోడకు మూడడుగుల ఎడం ఉండాలి. హారన్ (సన్నని శబ్దం వచ్చే మూతి) ఉండే భాగం నేల నుంచి ఎనిమిది అడుగుల ఎత్తులో ఉండి, కొద్దిగా కిందికి వంగి, హాలు పొడవులో మూడింట రెండు వంతుల దూరం దగ్గర కూర్చున్నవాళ్ల తలల వైపు చూడాలి. నేలమీద పెడితే ముందు వరుస వాళ్ల చెవులు పగులుతాయి, వెనక్కి చేరదు. దూరం రెట్టింపయ్యేకొద్దీ సూటిగా వచ్చే శబ్దం 6 డీబీ (డెసిబెల్స్) తగ్గుతుంది. బాక్సును ఎత్తులో పెడితే ముందు వరుసకు, వెనక వరుసకు ఉన్న దూరాల తేడా తగ్గుతుంది. ఎత్తు వల్ల అసలు లాభం అదే. గోడకు బిగిస్తే బాక్సు బరువుకు నాలుగైదు రెట్లు మోసే బ్రాకెట్, దానికి తోడు విడిగా ఒక స్టీలు తాడు వేయండి.

హాలు 100 అడుగులుంటే ముందు బాక్సుల వాల్యూం పెంచడం పరిష్కారం కాదు. నడుమ ఇంకో జత చిన్న బాక్సులు పెట్టి వాటికి ఆలస్యం ఇవ్వాలి. 20 డిగ్రీల దగ్గర శబ్దం సెకనుకు 343 మీటర్లు పోతుంది, 40 డిగ్రీలకు దాదాపు 355. ముందు బాక్సులకు 15 మీటర్ల దూరంలో నడుమ బాక్సులుంటే 43 మిల్లీ సెకన్లు అవుతుంది. దానికి ఇంకో ఐదారు కలిపి 50 దగ్గర పెట్టండి. అప్పుడు చెవికి శబ్దం స్టేజీ నుంచే వస్తున్నట్టు ఉంటుంది.

పాత అహూజా యాంప్లిఫయర్, కాలమ్ బాక్సులు ఉంటే అమ్మేయకండి. మాటకు అవి ఇప్పటికీ బాగానే పనికొస్తాయి. వరండాకు, సండే స్కూల్ గదికి మార్చండి. ఒక్క జాగ్రత్త: ఆ యాంప్లిఫయర్ వెనక 4, 8, 16 ఓమ్స్ అని కొన్ని బిగింపులు, 100 ఓల్ట్ లైన్ అని ఇంకొకటి ఉంటాయి. ట్రాన్స్‌ఫార్మర్ లేని మామూలు 8 ఓమ్స్ బాక్సును 100 ఓల్ట్ దగ్గర కలిపితే బాక్సు కాలుతుంది, లేదా యాంప్లిఫయర్ పోతుంది.

పాసివ్ బాక్సులు (విడిగా యాంప్లిఫయర్ కావాల్సినవి) వాడేవాళ్లకు: రెండు 8 ఓమ్స్ బాక్సులు ప్యారలల్‌గా కలిపితే 4 ఓమ్స్, నాలుగు కలిపితే 2. రెండు ఓమ్స్‌ను చాలా యాంప్లిఫయర్లు మోయలేవు. వైరు 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగిది వేయండి. 20 మీటర్ల దూరానికి పోయి రావడంలో దాని నిరోధం 0.28 ఓమ్ మాత్రమే. అదే 1 చదరపు మిల్లీమీటరు వైరైతే 0.7 ఓమ్, అంటే 4 ఓమ్స్ లోడు మీద ఆరో వంతో ఏడో వంతో ఓల్టేజీ దారిలోనే పోతుంది.

4. మైకులు, వైర్లు

షూర్ ఎస్‌ఎం58 1966 నుంచి ఉంది. ఇప్పటికీ పాటకు, వాక్యానికి అదే కొలమానం. నకిలీలు కూడా దానివే ఎక్కువ. నకిలీని చూపుతో పట్టడం కష్టం కాబట్టి బిల్లు ఇచ్చే అధీకృత డీలర్ దగ్గరే కొనండి. చౌకలో దొరికిందంటే అనుమానించండి.

మైకు పట్టుకోవడం నేర్పించడానికి పైసా ఖర్చు లేదు, లాభం మాత్రం అన్నిటికంటే ఎక్కువ. నోటికి రెండు మూడు వేళ్ల దూరం. తల జాలీని పిడికిట్లో మూయకూడదు. మూస్తే వెనక శబ్దాన్ని వదిలేసే దాని గుణం పోయి, అన్ని వైపుల నుంచీ గుంజుతుంది, వెంటనే కూత (ఫీడ్‌బ్యాక్) మొదలవుతుంది. పాటలో పైస్థాయికి వెళ్లినప్పుడు మైకును కొద్దిగా దూరం జరపాలి.

పాడేవాళ్లు తమ గొంతు తాము వినేందుకు వాడే మానిటర్ బాక్సు ఎక్కడ పెట్టాలన్నది మైకును బట్టి ఉంటుంది. ఎస్‌ఎం58 లాంటి కార్డియాయిడ్ మైకు సరిగ్గా వెనక వైపు వినదు కాబట్టి మానిటర్ పాడేవాళ్ల ఎదురుగా, మైకు తోక చూసే చోట పెట్టాలి. బీటా 58ఏ లాంటి సూపర్ కార్డియాయిడ్‌కు వెనక కొంచెం వినిపిస్తుంది. దానికి చెవుడు వెనక పక్కల్లో, 120 డిగ్రీల దగ్గర. మానిటర్‌ను ఒక పక్కకు జరపాలి.

తెరిచి ఉన్న మైకులు రెట్టింపయ్యేకొద్దీ కూత రాకుండా పెంచగలిగే వాల్యూం 3 డీబీ తగ్గుతుంది. ఎనిమిది మంది క్వయర్‌కు ఎనిమిది మైకులు పెట్టి ‘మైకు కూస్తోంది’ అనడం మనం కోరి తెచ్చుకున్న కిరికిరి. నాలుగు చాలు. వాక్యం చెప్పేటప్పుడు మిగతావన్నీ మ్యూట్‌లో ఉండాలి.

ఇక వైర్లు. మన దగ్గర చాలా మైకులకు ఒక వైపు మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్, ఇంకో వైపు మామూలు జాక్ ఉన్న వైరు వస్తుంది. పాత యాంప్లిఫయర్లకు అది సరిపోయింది. మిక్సర్‌లో దాన్ని జాక్ రంధ్రంలో గుచ్చితే అది లైన్ ఇన్‌పుట్‌కు పోతుంది. శబ్దం పీలగా వస్తుంది, గెయిన్ (వచ్చే సిగ్నల్‌ను పెంచే గుబ్బ) పూర్తిగా తిప్పాల్సి వస్తుంది, హమ్ తోడవుతుంది. అన్ని మైకులకూ రెండు వైపులా ఎక్స్‌ఎల్‌ఆర్ ఉన్న వైర్లే వాడండి. కట్టుకునేవాళ్లకు లెక్క ఇది: 1వ పిన్నుకు షీల్డ్, 2కు ఒక వైరు, 3కు రెండోది, రెండు చివరలా ఒకేలా. మంచి కనెక్టర్లు, రెండు కోర్ల షీల్డ్ వైరు మీటర్ల లెక్కన హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. కాజీపేటలో పొద్దున బండి ఎక్కితే సాయంత్రానికి తిరిగి రావచ్చు.

పుల్పిట్ మీది సన్న మెడ మైకు కండెన్సర్ రకం. దానికి మిక్సర్ నుంచి 48 ఓల్టుల ఫాంటమ్ (మైకు వైరులోనే వెళ్లే కరెంటు) కావాలి. ఆ స్విచ్ వేసే ముందు, తీసే ముందు అన్నీ మ్యూట్ చేయండి.

5. మిక్సర్

యమహా ఎంజీ, బెహ్రింగర్, స్టూడియోమాస్టర్, ఏదైనా సరే, 12 ఛానళ్లది ఈ హాలుకు సరిపోతుంది. ప్రతి ఛానల్ కింద తెల్ల టేపు అంటించి పేరు రాయండి: వాక్యం, లీడ్, క్వయర్ 1, క్వయర్ 2, అకూస్టిక్, ఎలక్ట్రిక్, బేస్, కీబోర్డు, ప్యాడ్, ఢోలక్. వారం వారం వరుస మార్చకండి.

గెయిన్ పెట్టే పద్ధతి ఒక్కటే. ఈక్యూ (బేస్, మధ్య, ట్రెబుల్ పెంచి తగ్గించే) గుబ్బలన్నీ నడిమధ్యకు. ఫేడర్ (ఛానల్ వాల్యూం జరిపేది) కిందికి, గెయిన్ పూర్తిగా తగ్గించి, ఆ ఒక్క ఛానల్ లెవెల్‌ను మీటరులో చూపే పీఎఫ్ఎల్ బటన్ నొక్కండి. పాడే మనిషిని ఆ రోజు పాటల్లో అన్నిటికంటే గట్టిగా పాడే చరణం పాడమనండి. ‘హలో హలో, చెక్ చెక్’ పనికిరాదు. మీటరు సున్నా దగ్గర ఆడుతూ, అప్పుడప్పుడు +6 దాకా పోయేలా గెయిన్ తిప్పండి. డిజిటల్ మిక్సర్ అయితే సగటున మైనస్ 18 దగ్గర ఉండాలి. ఎర్ర లైటు వెలగకూడదు. తర్వాత ఫేడర్‌ను సున్నా గుర్తుకు తెచ్చి, వాల్యూం ఎక్కువనిపిస్తే మాస్టర్‌లో లేదా బాక్సు వెనక తగ్గించండి. గెయిన్ తక్కువ పెట్టి మాస్టర్ పైకి నెట్టినచోటే ‘స్స్’ అనే బుస వస్తుంది.

పాడే మైకులన్నిటికీ, వాక్యం మైకుకూ లో కట్ బటన్ నొక్కే ఉంచండి. 80–100 హెర్ట్జ్ కింద మనిషి మాట లేదు. అక్కడుండేది అడుగుల చప్పుడు, ఫ్యాన్ గాలి. ఈక్యూలో ముందు కోయడం నేర్చుకోండి, పెంచడం తర్వాత. గొంతు కుండలోంచి వచ్చినట్టుంటే 250–400 దగ్గర 3 డీబీ తీయండి. చెవిలో గుచ్చుతుంటే 3 కిలోహెర్ట్జ్ దగ్గర కొంచెం తీయండి, ఎక్కువ తీస్తే మాట స్పష్టత పోతుంది.

కూతను వెతికి కోసే పని శనివారం చేయాలి. వాక్యం మైకు ఒక్కటే తెరిచి, మాస్టర్‌ను నెమ్మదిగా పెంచండి. ఎక్కడో ‘ఊఁ’ అని మోగడం మొదలవుతుంది. ఫోన్లో స్పెక్ట్రమ్ అనలైజర్ యాప్ ఏ ఫ్రీక్వెన్సీ లేచిందో చూపిస్తుంది. 31 బ్యాండ్ల గ్రాఫిక్ ఈక్వలైజర్‌లో ఆ ఒక్క బ్యాండును 3 డీబీ దించండి. మళ్లీ పెంచండి, మళ్లీ చూడండి. మూడు నాలుగు బ్యాండ్లు అయ్యాక ఆపేయండి. అంతకు మించి కోస్తున్నామంటే అసలు తప్పు బాక్సు చోటులోనో గదిలోనో ఉంది. చివరికి మాస్టర్‌ను ఇంకో 6 డీబీ తగ్గించి ఆ గుర్తు దగ్గర టేపు అంటించండి.

మానిటర్‌కు వెళ్లే ఆగ్జ్ (విడిగా శబ్దం పంపే దారి) ప్రీ ఫేడర్‌లో, అంటే ఫేడర్ కదిపినా మారకుండా ఉండాలి; రివర్బ్‌కు (కృత్రిమ ప్రతిధ్వనికి) వెళ్లేది పోస్ట్ ఫేడర్‌లో, అంటే ఫేడర్‌తో పాటే మారేలా. వాక్యం మొదలవగానే రివర్బ్ ఆపడం మరిచిపోతే గది ప్రతిధ్వనికి ఇంకో ప్రతిధ్వని తోడవుతుంది. లైవ్ పెట్టే సంఘాలు మెయిన్ మిక్స్‌నే ఫోన్‌కు ఇస్తే ఢోలక్, గిటార్ దాదాపు వినిపించవు. హాల్లో అవి వాటంతట అవే వినిపిస్తాయి కాబట్టి మిక్సర్లో తక్కువే ఉంటాయి. లైవ్‌కు ఇంకో ఆగ్జ్ కేటాయించి, హెడ్‌ఫోన్‌లో వింటూ విడిగా కలపాలి.

కీబోర్డు దగ్గర తరచూ జరిగే తప్పు ఒకటుంది. చాలా పోర్టబుల్ కీబోర్డులకు హెడ్‌ఫోన్ రంధ్రమే అవుట్‌పుట్. అందులోంచి స్టీరియో జాక్ వైరు తీసి మిక్సర్‌లో ఒకే బ్యాలెన్స్‌డ్ ఛానల్‌లో (రెండు వైర్ల మధ్య తేడాను మాత్రమే తీసుకునేదానిలో) గుచ్చితే, ఎడమ కుడి ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. నడుమ ఉండే శబ్దమంతా మాయమై, పలచని ఎకో లాంటిది మిగులుతుంది. ఫోన్లో ట్రాక్ పెట్టినప్పుడు గాయకుడి గొంతు మాయమయ్యేది కూడా ఇందుకే. ఒక స్టీరియో జాక్ రెండు మోనో జాక్‌లుగా చీలే వైరు కొని, రెండు ఛానళ్లలో పెట్టండి.

6. అకూస్టిక్ గిటార్

పికప్ (తీగల కదలికను సిగ్నల్‌గా మార్చేది) ఉన్న అకూస్టిక్ గిటార్‌ను పొడవాటి జాక్ వైరుతో నేరుగా మిక్సర్‌కు గుంజడం మానండి. గిటార్ నుంచి 3–5 మీటర్ల వైరుతో డీఐ బాక్సుకు (గిటార్ సిగ్నల్‌ను మైకు వైరులో పోయేలా మార్చే చిన్న పెట్టెకు), అక్కడి నుంచి ఎక్స్‌ఎల్‌ఆర్ వైరుతో మిక్సర్‌కు. ఎక్స్‌ఎల్‌ఆర్ 30 మీటర్లున్నా నష్టం లేదు. గిటార్‌లో బ్యాటరీతో నడిచే ప్రీయాంప్ (సిగ్నల్ పెంచే చిన్న సర్క్యూట్) ఉంటే పాసివ్ డీఐ చాలు. ప్రీయాంప్ లేని ఉత్త పీజో పికప్ అయితే 1 మెగా ఓమ్ అయినా ఇన్‌పుట్ ఉన్న యాక్టివ్ డీఐ కావాలి. లేకపోతే బేస్ పోయి డబ్బా కొట్టినట్టు వినిపిస్తుంది.

ప్రీయాంప్ ఉన్న చాలా గిటార్లకు వేరే స్విచ్ ఉండదు. జాక్ గుచ్చితే బ్యాటరీ ఆన్ అయినట్టే. ఆరాధన అయ్యాక జాక్ అలాగే వదిలేస్తే వచ్చే ఆదివారానికి 9 ఓల్ట్ బ్యాటరీ చచ్చి ఉంటుంది. 8 ఓల్టుల కిందికి పడ్డాక గరగర మొదలవుతుంది. మల్టీమీటర్ ఎలాగూ ఉంది, శనివారం చూసుకోండి.

గిటార్ పొట్టకు 100 హెర్ట్జ్ దగ్గర సహజంగా మోగే గుణం ఉంది. బాక్సు ముందు నిలబడితే ‘బూఁ’ అని లేచేది అదే. నడుమ రంధ్రానికి రబ్బరు మూత పెట్టండి. ప్రీయాంప్ మీద ఫేజ్ బటన్ ఉంటే నొక్కి చూడండి. మిక్సర్‌లో లో కట్‌తో పాటు 200 దగ్గర 3–4 డీబీ తీయండి. కీబోర్డు, ఢోలక్, బేస్ అన్నీ ఉన్నప్పుడు అకూస్టిక్ గిటార్ చేయాల్సిన పని స్ట్రోకు వినిపించడమే. ఒంటరిగా వింటే సన్నగా అనిపించినా అందరిలో కలిశాక సరిపోతుంది.

తీగలు 12–53 సెట్టు (మందం అంగుళంలో వెయ్యో వంతుల్లో) బాగుంటుంది, నేర్చుకునేవాళ్లకు 11. చెమట ఎక్కువ పట్టే నెలల్లో వాయించాక పొడిగుడ్డతో తీగల కింద కూడా తుడవాలి. మన ఎండాకాలం గాలిలో తడి బాగా తగ్గిపోతుంది. గిటార్‌కు 45–55 శాతం తేమ కావాలి. కేసులో రంధ్రాలు పెట్టిన సబ్బు డబ్బాలో తడి స్పాంజి ఉంచండి. మే నెలలో మూసిన కారులో గిటార్ వదిలితే జిగురు మెత్తబడి బ్రిడ్జి లేస్తుంది. అది లేచాక మామూలు ఫెవికాల్ రాసి అంటించడం రిపేరు కాదు.

శృతి విషయం. పెద్దవాళ్లు ‘ఒకటిన్నర’, ‘అయిదున్నర’ అంటారు. ఒకటి అంటే సి, ఒకటిన్నర సి షార్ప్, రెండు డి, రెండున్నర డి షార్ప్, మూడు ఇ, నాలుగు ఎఫ్, నాలుగున్నర ఎఫ్ షార్ప్, అయిదు జి, అయిదున్నర జి షార్ప్, ఆరు ఎ, ఆరున్నర ఎ షార్ప్, ఏడు బి. కాపోతో (గిటార్ మెడ మీద తీగలన్నిటినీ కలిపి నొక్కే క్లిప్పుతో) ఇలా: ఒకటిన్నరకు మొదటి మెట్టు మీద కాపో పెట్టి సి కార్డులు, లేదా నాలుగో మెట్టు మీద ఎ కార్డులు. రెండున్నరకు మూడో మెట్టు మీద సి. నాలుగున్నరకు రెండో మెట్టు మీద ఇ. అయిదున్నరకు మొదటి మెట్టు మీద జి. ఆరున్నరకు మూడో మెట్టు మీద జి. కీబోర్డు ట్రాన్స్‌పోజ్‌లో ఉందో లేదో పాటకు ముందే అడగండి. హార్మోనియం ఉన్న సంఘమైతే ట్యూనర్‌ను పక్కన పెట్టి గిటార్‌ను హార్మోనియానికే కలపండి. రీడ్లను అప్పటికప్పుడు మార్చలేం, చాలా పాత పెట్టెలు ట్యూనర్ కొలమానమైన 440 హెర్ట్జ్‌కు సరిగ్గా ఉండవు.

7. ఎలక్ట్రిక్ గిటార్, పెడళ్లు

ఈ సైజు హాలులో గిటార్ యాంప్ అక్కర్లేదు. ఒక మల్టీ ఎఫెక్ట్స్ నుంచి నేరుగా మిక్సర్‌కు వెళ్తే స్టేజీ మీద గోల తగ్గుతుంది. అయితే అందులో క్యాబినెట్ సిమ్యులేషన్ (గిటార్ యాంప్ బాక్సులోంచి వచ్చినట్టు శబ్దాన్ని మార్చేది) ఆన్‌లో ఉండాలి. అది లేకుండా డ్రైవ్ (శబ్దాన్ని గరుకు చేసే ఎఫెక్ట్) వేస్తే దోమ చెవిలో దూరినట్టుంటుంది. అదే పెడల్‌ను గిటార్ యాంప్‌కు కలిపితే ఆ సిమ్యులేషన్ ఆఫ్ చేయాలి, లేకపోతే దుప్పటి కప్పినట్టు మందంగా వస్తుంది.

విడి పెడళ్లయితే వరుస: ట్యూనర్, కంప్రెసర్, ఓవర్‌డ్రైవ్, వాల్యూం పెడల్, కోరస్ లాంటివి, డిలే (శబ్దాన్ని కాసేపాగి మళ్లీ వినిపించేది), రివర్బ్. వాల్యూం పెడల్‌ను డ్రైవ్ తర్వాత, డిలే ముందు పెట్టడానికి కారణం ఉంది. కాలు తీసేసినా డిలే తోక తెగకుండా మెల్లగా ఆరుతుంది. ప్రార్థన వెనక మెత్తగా వాయించేటప్పుడు ఇది కావాలి.

బాస్ (Boss) కంపెనీవాటితో సహా ఎక్కువ పెడళ్లకు 9 ఓల్టుల డీసీ, నడిమి పిన్ను నెగటివ్. ఓల్టేజీ, పిన్ను దిశ సరిగ్గా కలవాలి. మిల్లీ యాంపులు పెడల్ అడిగినదానికి తగ్గకూడదు, ఎక్కువుంటే నష్టం లేదు. వైఫై రౌటర్ అడాప్టర్‌లో చాలా వాటికి నడిమి పిన్ను పాజిటివ్. అది గుచ్చి పెడల్ పోగొట్టుకున్నవాళ్లు తక్కువేం కాదు. మామూలు ఓవర్‌డ్రైవ్‌కు పది ఇరవై మిల్లీ యాంపులు చాలు. డిజిటల్ డిలే, రివర్బ్‌లకు చాలా ఎక్కువ కావాలి, అడుగున రాసి ఉంటుంది. ఒకే అడాప్టర్ నుంచి గొలుసు వైరుతో అనలాగ్, డిజిటల్ పెడళ్లన్నిటికీ ఇస్తే సన్నటి ‘కీఁ’ అనే కూత వస్తుంది. ఒకదానితో ఒకటి కలవని విడివిడి (ఐసోలేటెడ్) అవుట్‌పుట్లున్న సప్లై కొంటే ఆ బాధ పోతుంది.

డిలే లెక్క: 60,000ను పాట టెంపోతో భాగిస్తే ఒక బీటు మిల్లీ సెకన్లలో వస్తుంది. దాన్ని 0.75తో గుణిస్తే ఇప్పటి ఆరాధన పాటల్లో వినే డాటెడ్ ఎయిత్ (ముప్పావు బీటు) డిలే. టెంపో 72 అయితే 833, దానికి 625. టెంపో 120 అయితే 500, దానికి 375. రిపీట్లు మూడు, మిక్స్ పాతిక శాతం లోపు. మన పాటల్లో సగం దాద్రా నడకలో, ఆరు మాత్రలతో ఉంటాయి. వాటి మీద డాటెడ్ ఎయిత్ పెడితే ఢోలక్‌తో కొట్లాటే. అక్కడ ఒక మాత్ర పొడవు డిలే పెట్టండి, లేదా పూర్తిగా తీసేయండి. ఢోలక్, తంబురీన్ జోరుగా ఉన్న పాటలో డిలే తీసేసిన గిటారే బాగుంటుంది.

ప్యాచులను (మల్టీ ఎఫెక్ట్స్‌లో దాచుకునే సెట్టింగులను) ఇంట్లో హెడ్‌ఫోన్‌లో తయారుచేసి ఆదివారం నేరుగా వాడితే ఆగమాగమవుతుంది. హాల్లో, బాక్సుల్లో, ఆరాధన వాల్యూంలోనే లెవెళ్లు కుదర్చాలి. క్లీన్‌కు, లీడ్‌కు 3–4 డీబీ తేడా చాలు.

8. బయట సభలు

ఆరుబయట గోడలు లేవు కాబట్టి ఎకో ఉండదు, శబ్దం నిలవదు కూడా. రెండు బాక్సులు హాల్లో ఇచ్చినంత ఇవ్వవు. లౌడ్‌స్పీకర్‌కు ముందుగా రాతపూర్వక అనుమతి తీసుకోవాలి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు బయట లౌడ్‌స్పీకర్ నిషేధం. నివాస ప్రాంతాల్లో పరిమితి పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్. ముగింపు ప్రార్థన పదికి ముందే అయ్యేలా కార్యక్రమం వేసుకోండి. జనరేటర్ పక్కన నేలలో ఎర్త్ కడ్డీ దింపించండి. పందిట్లో తడి నేల మీద ఎక్స్‌టెన్షన్ బోర్డు పెట్టొద్దు, గుంజకు కట్టండి.

9. హమ్ వచ్చినప్పుడు

ముందు చెవితో గుర్తుపట్టండి. లోతుగా ‘మ్‌మ్’ అని మోగితే అది 50 హెర్ట్జ్, ఎర్త్ రెండు దారుల్లో తిరుగుతోంది. గరుకుగా ‘జ్‌ర్‌ర్’ అంటే 100 హెర్ట్జ్, దానిపైవి. రెగ్యులేటర్, ఎల్‌ఈడీ లైటు, చౌక అడాప్టర్‌లలో ఏదో ఒకటి.

తర్వాత మిక్సర్ ఛానళ్లను ఒక్కొక్కటిగా మ్యూట్ చేయండి. ఏ ఛానల్ మ్యూట్ చేస్తే పోయిందో దోషం అక్కడుంది. అన్నీ మ్యూట్ చేసినా పోకపోతే మిక్సర్‌కు, బాక్సుకు మధ్య వైరులో ఉంది. గిటార్ లేదా కీబోర్డు ఛానల్ అయితే డీఐ మీద గ్రౌండ్ లిఫ్ట్ నొక్కండి. సిగ్నల్ వైరు షీల్డ్ మాత్రమే తెగుతుంది, కరెంటు ఎర్త్ అలాగే ఉంటుంది. లాప్‌టాప్ అయితే ఛార్జర్ తీసి చూడండి. పోతే ఆడియో ఐసోలేటర్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టాలి. ఎలక్ట్రిక్ గిటార్ ఒక్కదానిలోనే వచ్చి, వాయించే మనిషి పక్కకు తిరిగితే తగ్గుతుంటే అది సింగిల్ కాయిల్ పికప్ గాలిలోంచి పట్టుకుంటున్న చప్పుడు. అడాప్టర్ల గుంపుకు దూరంగా జరగాలి. తీగలు ముట్టుకుంటే పెరిగితే ముందు అనుమానించాల్సింది గిటార్‌ను కాదు, 1వ భాగంలో చెప్పిన ఎర్త్‌ను. వాయించడం ఆపించి మీటర్ తీయండి.

వైరును అటూ ఇటూ వంచినప్పుడు గరగరమంటే అందులో టంకం ఊడింది. ఆ వైరు చివర ఎర్ర టేపు చుట్టి విడి సంచిలో వేయండి, మంచి వాటిలో కలపొద్దు.